కాజాలక్క కుట్టిన సంచులు

కాజాలక్క అసలు పేరు ఆ టైలర్ కొట్లో ఎవరికీ గుర్తులేదు. మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుని కాజాలు తీసి బొత్తాలు కుట్టడం ఆమె పని. మిషన్ కాజాలు వచ్చి ఏళ్లు గడిచినా, కోట్లు కుట్టించుకునేవాళ్లు కాజాలు మాత్రం అక్క చేతే తీయించాలని కొట్టు నడిపే మాస్టారికి మరీమరీ చెప్పి పోతారు. కాజా చివర దారాన్ని రెండుసార్లు తిప్పి, ముడి కనపడకుండా లోపలికి దూర్చేస్తుంది. అలా ముడి వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమె దగ్గర చూసి నేర్చుకుందామన్నవాళ్లకీ అబ్బలేదు.

భర్త పోయాక చేయించిన రక్తపరీక్షలో తనకూ హెచ్ఐవీ ఉందని తేలింది. ఆ రోజు ఏడ్చిందో, పోయినవాణ్ణి తిట్టుకుందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. మందుల షాపులో ధర అడిగితే మాత్రం కళ్లు తిరిగాయి. కూతురు ఇంకా బడికి పోతోంది, తను పోతే దానికి దిక్కెవరు? పెద్దాసుపత్రిలో నర్సమ్మ ఆమెను కూర్చోబెట్టి, ఈ మందులు కొనక్కర్లేదని, ప్రభుత్వమే ఇస్తుందని, మానకుండా మింగడమొక్కటే ఆమె వంతని చెప్పింది. అక్క నమ్మలేదు. ఊరికే ఎవరిస్తారు, ఎక్కడో మెలిక పెట్టే ఉంటారనుకుంది. ఎన్ని నెలలు వెతికినా ఆ మెలిక దొరకలేదు. నెలనెలా వెళ్లడం, సీసా తెచ్చుకోవడం, అంతే. ఆ సీసాల పుణ్యమా అని పిల్ల చదువు పూర్తయింది, ఉద్యోగంలో చేరింది. ప్రభుత్వాన్ని తిట్టిపోసేవాళ్లు కొట్లోకి వస్తే అక్క నోరు మెదపదు గానీ, వాళ్ల బొత్తాలు కాస్త ఎక్కువ బిగించి కుడుతుంది.

ఇంత మేలులోనూ ఒక చిక్కుంది. సీసా గలగలమంటుంది. బస్సులో, కొట్లో, చేతిసంచి ఎక్కడ పెట్టినా నేనిక్కడున్నానని చాటుకుంటుంది. ఒకసారి ఎవరో కస్టమర్‌కి ఈ జబ్బుందని పుకారు పుడితే, కుట్టేవాళ్లంతా అతని కొలతలు తీసుకోం పొమ్మన్నారు. మాస్టారు వాళ్లను ఏమీ అనకుండా టేపు మెళ్లో వేసుకుని, కొలతలు తీయడానికి తనే లేచాడు. అక్కకు మాస్టారి మౌనం మనసులో ఉండిపోయింది గానీ, ఆయన టేపు పట్టి కొలవడం ఉండలేదు. తన సంగతి తెలిస్తే పీటతో సహా వీధిలో పెడతారని ఆమె భయం. అందుకే మాస్టారు సాయంత్రం తన డబ్బులిచ్చి అందరినీ టీకి పంపేటప్పుడు తనూ లేచి, పెరట్లో కుళాయి దగ్గర గుట్టుచప్పుడు కాకుండా మాత్ర మింగేది.

చివరికి విసుగెత్తి, మిగిలిపోయిన కోటుగుడ్డ ముక్కలతో ఒక చిన్న సంచి కుట్టింది. లోపల దూది పరిచింది, పైన ఒక కాజా, ఒక బొత్తం. సీసా నోరు మూతపడింది. ఆసుపత్రి మందుల కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, ఇలాంటివి ఇంకొన్ని కుట్టిపెడతావా? ఈ చప్పుడుకి భయపడి మందులు తీసుకెళ్లడమే మానేసినవాళ్లు ఉన్నారు."

కాజాలక్కకు ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లూ చెయ్యి చాచి తీసుకోవడమే గానీ, తిరిగి ఇవ్వడానికి తన దగ్గరేముందని లోలోపల కుమిలిపోయేది. ఇప్పుడు ముక్కలు ఏరి, ఇంట్లో కూర్చుని ఇష్టంగా కుట్టి, ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఒక మూట కౌంటర్లో ఇచ్చి వచ్చేది. ఇంకొకరైతే ఆ సంచులకు టిచ్ బటన్ నొక్కేసి ఊరుకునేవాళ్లు. ఈమెకు మనసొప్పలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల సంచికి కూడా దారం రెండుసార్లు తిప్పి, ముడి లోపలికి దూర్చింది. అది తన పేరు రాసి అంటించినట్టేనని ఆ పిచ్చితల్లికి తట్టనే లేదు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక మాస్టారు వచ్చి, ఆమె ముందు ఒక బూడిదరంగు సంచి పెట్టాడు.

"ఇది నీ చేతిదే కదమ్మా?"

ఎవరో చెప్పేశారు, ఈ పీట మీద ఇదే ఆఖరి రోజు అనుకుంది. కాదని బొంకుదామన్నా, కాజా ఎదురుగా నిలదీస్తోంది. తలెత్తకుండానే ఔనంది.

మాస్టారు బొత్తం విప్పి సంచిని బోర్లించాడు. సీసా బయటికి దొర్లింది. తన సీసా లాంటిదే, మీద చీటీలో పేరు మాత్రం మాస్టారిది.

"మందుల కౌంటర్లో ఇచ్చారు," అన్నాడాయన. "కాజా చూడగానే నీ చేతిదని పోల్చుకున్నా. సీసా చప్పుడుకి భయపడేవాళ్లకే కదా ఇలాంటి సంచి తట్టేది. చెప్పాలా వద్దా అని వారం నుంచి కొట్టుకుంటున్నా. నువ్వొక్కదానివే భయపడుతున్నావని తెలిశాక ఊరుకోలేకపోయానమ్మా."

సాయంత్రం టీ సంగతి కాజాలక్కకు అప్పుడు అర్థమైంది. మాస్టారిది పెద్ద చెయ్యి అని కొట్లో అందరూ మెచ్చుకునేవారు. ఆయన మాత్రం వాళ్లందరినీ బయటికి పంపి, ట్రయల్ రూము తెర వెనక మాత్ర వేసుకునేవాడు. గోడకి అవతల ఆయన, ఇవతల కుళాయి దగ్గర తను. ఆమెకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"బొత్తం వదులుగా ఉంది మాస్టారూ," అంది చివరికి. "ఇలా ఇవ్వండి."

ఆ సాయంత్రం కూడా మాస్టారు అందరినీ టీకి పంపాడు. కాజాలక్క మాత్రం కుళాయి దగ్గరికి వెళ్లకుండా పీట మీదే ఉండిపోయింది. మాస్టారు కుండలోంచి రెండు గ్లాసుల్లో నీళ్లు ముంచి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.