చిన్నమ్మ చేతి గింజలు

నిర్మల్ మార్కెట్ వెనక అరటిగెలలు మాగబెట్టే గది ముందు నుంచి పోతే ఇప్పటికీ నా అడుగు తడబడుతుంది. కొద్దిగా పులిసిన ఆ తీపి వాసన మా చిన్నమ్మ కొంగు వాసన. అరటిపండును అడ్డంగా కోస్తే నడుమ సన్నటి నల్ల చుక్కలుంటాయి, గింజలు కావలసి కాకుండా పోయినవి. యాభై దాటినా వాటిని చూస్తే పండు అక్కడే పెట్టి లేస్తాను. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఖానాపూర్ దగ్గర వాగు ఒడ్డున ఒక అరటితోట ఉండేది. అమ్ముకునే పండ్ల కోసం కాదు, తెగులుకు చావని కొత్త అరటిని పుట్టించాలని ఒక సారు పెంచిన తోట. మనం తినే అరటికి గింజ ఉండదు, పిలకలే పాతుతారు, తల్లికి వచ్చిన తెగులే పిలకకూ వస్తుంది. అడవి అరటికి మాత్రం పండు నిండా రాళ్లలాంటి నల్ల గింజలు. ఆ అడవి అరటి పుప్పొడిని తోట అరటి పువ్వుకు రాస్తే ఎన్నో గెలలకు ఎక్కడో ఒక గింజ పడొచ్చు. ఆ రాసే పని మా అమ్మ చెల్లెలు లచ్చవ్వ చిన్నమ్మది. వానాకాలం పొద్దున్నే, ముసురు విడవక ముందే నిచ్చెన ఎక్కి, అప్పుడే విచ్చిన ఎర్రటి దొప్పను లేపి, పువ్వు పువ్వుకూ కుంచెతో పుప్పొడి రాసి, ఈగ వాలకుండా తెల్లగుడ్డ కట్టి దిగేది. మసక వెలుతురులో ఆ గెలలు మొహాలు కప్పుకుని నిలబడ్డ మనుషుల్లా ఉండేవి. వాటి మధ్య నేను ఒక్కణ్నీ నడిచేవాణ్ని కాదు.

చిన్నమ్మకు పిల్లల్లేరు. బతుకమ్మ పండుగకు రొట్టె, బెల్లం కలిపి మలీద చేస్తే మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టేది. గింజ కోసం మాగిన పండ్లను బకెట్లో పిసికి జల్లెడ పట్టే గంగవ్వ, ఖాళీ జల్లెడను ప్రతిసారీ ఆమె ముందే దులిపేది.

"గొడ్రాలి చేతికి గింజ పడుతదా లచ్చవ్వా? సారుకు గీ సంగతి ఎవ్వలు చెప్పలే కావచ్చు."

చిన్నమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు నేను చూడలేకపోయేవాణ్ని. ఈ ఏడూ గింజ పడకపోతే పని ఆపేస్తానని సారు చెప్పిన వారం, వాగు అవతలి అడవి అరటిపండు ఒలిచి ఏడు గింజలు తీశాను. మర్నాడు తోటకు పోతుంటే లాగు జేబులో అవి గలగలమన్నాయి.

"జేబుల ఏమున్నయి బిడ్డా?"

"గోటీలు చిన్నమ్మా," అని గోళీల పేరు చెప్పాను.

గంగవ్వ నీళ్లకు పోయినప్పుడు వాటిని బకెట్లో వేశాను.

జల్లెడలో ఏడు గింజలు చూసి గంగవ్వ వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది. అయిదు మొలిచాయి. చిన్నమ్మ వాడంతా బెల్లం పంచింది, కుండీలకు కాటుకతో దిష్టిచుక్కలు పెట్టింది. ఒక్కొక్క ఆకు విచ్చుకుంటుంటే అందరూ సంబరంగా చూసేవారు. వాగు అవతల అచ్చం అలాంటి ఆకులే గాలికి ఊగుతుండేవి. అటు ఎవరైనా తల తిప్పితే నేను వేరే మాట ఎత్తేవాణ్ని.

రెండో ఏడు గెల వేశాయి. సారు ఒక కాయ కోశాడు. అంతా గింజలే. కాండం, ఆకు, పువ్వు తేరిపార చూసి మెల్లగా అన్నాడు.

"వీటికి తల్లి పోలికే లేదు లచ్చవ్వా."

ఎవరు కలిపారని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. చిన్నమ్మ ఆ కోసిన కాయను కొంగులో మూటగట్టుకుంది.

"కాన్పు గూడ దొంగ కాన్పేనాయె," అంది గంగవ్వ. ఆ మాటే వాడలో చిన్నమ్మ పేరైపోయింది. నెల తిరగకముందే ఆమె భైంసాకు పత్తిమిల్లు కూలికి పోయింది. బస్సు ఎక్కబోతూ నా జేబు మీద చెయ్యి పెట్టింది.

"నీ గోటీలు అన్ని ఉన్నయా బిడ్డా?"

"ఉన్నయి," అన్నాను.

ఆమె మళ్లీ రాలేదు. ఆమె చనిపోయిన కబురు వారం తర్వాత అందింది. ఇప్పుడు తోట లేదు, అక్కడ మక్కజొన్న వేస్తున్నారు. వాగు అవతల అడవి అరటి కూడా లేదు. గంగవ్వ ఉంది. మొన్న ఒక పెళ్లిలో, పళ్లు లేని నోటితో, దొంగ కాన్పు కథ మళ్లీ చెప్పి పంక్తి అంతటినీ నవ్వించింది. అలవాటుగా నేనూ నవ్వాను. విస్తరిలో అరటిపండు ఉంది. ఒలవకుండా లేచి వచ్చాను.

గంగవ్వకు చదువు రాదు. ఎవరైనా ఇది చదివి వినిపించండి: ఆ గింజలు వేసింది నేను, గంగవ్వా. చిన్నమ్మకు తెలుసు.