ఈసారి పక్కా అట!

‘ఈ సిస్టమ్ మీద రాసిన ప్రోగ్రాం మీ మనవల కాలం దాకా నడుస్తుంది’ అని చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీ మాట ఇచ్చింది. నమ్మి, సాస్తి గనిలో బొగ్గు లారీలు తూచే కాంటాకు ప్రోగ్రాం రాశాను. కొన్నాళ్లకే వాళ్లు ఆ సిస్టమ్‌ను వదిలేశారు. కాంటా దగ్గరికి కొత్త కంప్యూటర్ వస్తే దాని మీద నా ప్రోగ్రాం తెరుచుకోనే లేదు. లారీలు రోడ్డు దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లు తిట్టింది కంపెనీని కాదు, నన్ను.

ఈ రోజు అదే కంపెనీ మనిషి చంద్రపూర్ వచ్చి, ఒక హోటల్ హాల్లో ఇంకో కొత్త సిస్టమ్ గొప్పలు చెప్పాడు. సమోసాలు మాత్రం బాగున్నాయి. నా పక్కన లావణ్య కూర్చుంది. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో లారీల ప్రోగ్రాం ఆమెదే. దాన్నంతా ఈ కొత్త సిస్టమ్‌కు తిరగరాయాలా వద్దా అని తేల్చుకోవడానికే వచ్చింది. నేను లేచాను.

“గిదన్నా ఉంచుతరా, గిది గూడ పారేస్తరా?”

“లేదు కాకా, ఈసారి ప్లాన్ పక్కా.”

“పోయినసారి గూడ పక్కా అనే అన్నరు గద?”

“అప్పటి టీం వేరే కాకా, మేం వేరే.”

“రేపు వచ్చేటోడు గూడ నీ గురించి గిదే అంటడు బిడ్డా.”

హాలంతా నవ్వింది. లావణ్య ల్యాప్‌టాప్ మూసి, “నాది ఉన్నకాడనే ఉండనీ కాకా” అంది.

ఇలాంటి మాట నమ్మి మునిగినవాళ్లు మీలో ఎందరున్నారో చెప్పండి. మాట మార్చడం కంపెనీకి అలవాటు, దాన్ని తిట్టి లాభం లేదు. తిట్టాల్సింది, ఆ పాత సిస్టమ్ ఎత్తేస్తున్నారని ముందే తెలిసి కూడా నాతో ప్రోగ్రాం రాయించినవాణ్ని: మా లాల్‌పేట్‌లో ఆ కంపెనీ డీలర్, దుర్గం మల్లేశం.