రెండు డిగ్రీల తప్పు

పెద్దబాపు పోయాడని పోయిన నెల పాలకుర్తి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. జనగామ దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలోనే ప్రాణం పోయిందట. "జల్ది రా అక్కా. ఊరోళ్లందరు వచ్చిండ్రు, మైకు గూడ పెట్టిండ్రు" అన్నాడు. అందులో ఏం చెప్తారో నాకు తెలుసు.

ఆయన మా బాపుకు అన్న. హైదరాబాదులో, చెరువు మీద పందేలకు తిరిగే తెరచాప పడవల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆ పడవ స్తంభం కొసన గాలి ఎటు నుంచి వస్తుందో చూపే రెక్క ఒకటి, ఎంత వేగంగా వస్తుందో చెప్పే గిన్నెల చక్రం ఒకటి ఉంటాయి. అవి చెప్పేది కింద చిన్న తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. ఆ అంకెలు అబద్ధం ఆడకుండా చూడటం పెద్దబాపు పని. వరి, పత్తి తప్ప మరోటి ఎరగని ఊరి మనిషికి అది ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాడు.

గాలి కుడి నుంచి తగిలేలా కొంతసేపు, ఎడమ నుంచి తగిలేలా కొంతసేపు పడవను ఒకే తీరున నడపాలి. రెండుసార్లూ కోణం ఒకటే రావాలి. కుడికి ముప్పై నాలుగు, ఎడమకు ముప్పై వచ్చిందంటే రెక్క రెండు డిగ్రీలు పక్కకు తిరిగి ఉందని లెక్క. ఆ రెండు డిగ్రీలు తీసేసి, మళ్లీ రెండు దిక్కులా నడిపి చూడాలి. ఈ చివరి చూపు లేకుండా ఆయన ఒడ్డు ఎక్కేవాడు కాదు. "సరిజేసినంక గూడ నమ్మద్దు బిడ్డా, ఇంకో తాప చూడాలె" అనేవాడు. అసలు ఆయనకు ఆ మిషను కన్నా తాళ్లకు కట్టిన, గాలి వాటం చూపే ఎర్ర ఉన్ని దారం మీదే గురి. ఇంట్లోనూ అదే చాదస్తం. అన్నదమ్ములు కొట్లాడుకుంటే ఇద్దరి ఇళ్లల్లో చాయ్ తాగితే గానీ నోరు విప్పేవాడు కాదు.

అవి ఉద్యమం రోజులు. ఆయన ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుతున్నాను. ర్యాలీల్లో ముందు వరుస నాదే, నా మీద ఒక కేసు కూడా ఉంది. పడవ యజమాని కోస్తా మనిషి. చెడ్డవాడేం కాదు, పెద్దమ్మ ఆపరేషనప్పుడు తన కారు పంపాడు. కానీ నలుగురిలో పెద్దబాపు మాటను అనుకరించి నవ్వించేవాడు. "నీకు సిగ్గనిపియ్యదా?" అని పెద్దబాపును అడిగాను ఒకరోజు.

"ఎందుకనిపియ్యది బిడ్డా? పని గూడ ఉన్నది గదా" అన్నాడు.

ఒకసారి రెండు రోజుల బంద్ పిలుపు వచ్చింది. బంద్ ముగిసిన తెల్లారే పెద్ద పందెం. బంద్‌కు ముందురోజు సాయంత్రం సాయం చేసే మనిషి రాకపోతే, పెద్దబాపు చుక్కాని పట్టుకుని నన్ను తెర దగ్గర కూర్చోబెట్టాడు. నాకేమో పాలకుర్తి దీక్షా శిబిరానికి పోయే చివరి బస్సు మీదే ధ్యాస. కుడికి ముప్పై నాలుగు, ఎడమకు ముప్పై అని చదివాను. "రెండు తియ్యి బిడ్డా" అని కేకేశాడు. గడియారం చూస్తూ అంకె మార్చే మీట నొక్కాను. తీసేయాల్సిన రెండు డిగ్రీలను కలిపాను. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

"ఇంకో తాప రెండు దిక్కులు చూద్దం" అన్నాడు.

"బస్సు పోతది పెద్దబాపూ! నీకు గీ పడవే ఎక్కువనా, మనోళ్లు కాదా?"

ఆయన నా మొహం చూసి పడవను ఒడ్డుకు తిప్పాడు. సరిచూడకుండా దిగింది ఆ ఒక్కనాడే. ఆయన కూడా నాతో పాటు ఊరి బస్సెక్కాడు.

మేం ఊరి నుంచి తిరిగొచ్చేసరికి పందెం అయిపోయింది. పడవ చిత్తుగా ఓడింది. యజమాని మిషను విప్పించి చూస్తే, తీసేయాల్సిన రెండు డిగ్రీలు కలిపి ఉన్నాయి. "కావాలనే చేశావు. ఆ రోజు నీ పక్కన ఎవరున్నారో చెప్పు, కేసు పెడతాను" అని అరిచాడు.

"ఎవ్వలు లేరు సారూ. నా చెయ్యే తప్పింది" అన్నాడు పెద్దబాపు.

నేను గేటు దగ్గరే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆయన పని పోయింది.

ఇంతకన్నా నీచం ఇంకొకటుంది. ఆ తర్వాత ఊరికి పోతే, శిబిరంలో మావాళ్లు ఆయనకు దండ వేసి "ఆంధ్రోళ్ల పడవను ఓడగొట్టిన మొనగాడు" అని మైకులో పొగిడారు. "నేను కావాల్నని చెయ్యలే" అని ఆయన చెప్తూనే ఉన్నాడు. డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. అయినా అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

తర్వాత మరిపెడలో పంపుసెట్లు బాగుచేస్తూ బతికి, చివరికి పాలకుర్తి ఇంటికే చేరాడు. రాష్ట్రం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది. ఒకసారి "పెద్దబాపూ, ఆ రోజు మీట..." అని మొదలుపెట్టాను. "చాయ్ సల్లారుతున్నది, తాగు" అన్నాడు. ఆయనకు ముందే తెలుసు. ఒక్క మాటైనా తిట్టి ఉంటే నాకు ఇంత ఏడుపు ఉండేది కాదు.

చావు రోజున కూడా మైకులో అదే మొనగాడి కథ. నేను అప్పుడూ లేచి కాదనలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ పడవను ఓడగొట్టింది ఆయన కాదు, నేను.

ఆ రోజు అందరూ పోయాక ఆయన ఇంటి డాబా ఎక్కాను. అక్కడ ఇనుప చువ్వకు ఆయన ఎర్ర ఉన్ని దారం కట్టుకున్నాడు. మైకువాళ్లు ఆ చువ్వకే తమ మైకు గొట్టాన్ని బిగించారు. దారం దాని కింద నలిగిపోయి ఉంది. కట్లు విప్పి గొట్టాన్ని పక్కన పెట్టాను. దారం కాసేపు అట్లాగే ముడుచుకుని ఉండి, మెల్లగా లేచి గాలికి అటొకసారి, ఇటొకసారి తిరిగింది.