షెడ్డు గుమ్మానికి వేపకొమ్మ

మా ఊరు వాకాడు దాటి సముద్రం వైపు. కార్తీకంలో ముసురు పట్టిందంటే వారం దాకా వదలదు. బ్రాయిలర్ షెడ్డులో పరిచిన ఊక తడిసి ముద్దవుతుంది, కోళ్లకు రక్త విరేచనాలు మొదలై చావులు పడతాయి. పేగుల్లో చేరే పరాన్నజీవికి ఆ తేమే కావాలి. పెంచడానికి మాకు కోడిపిల్లల్ని దించే కంపెనీ వాళ్లు దానికొక పొడి మందు పంపుతారు. రెండు బ్యాచ్‌లుగా అది పనిచేయడం లేదని చెబితే, నేను నీళ్లలో సరిగ్గా కలపడం లేదన్నారు. పదేళ్లుగా కలుపుతున్నాను. ఒళ్లు మండింది.

మూడో బ్యాచ్‌లోనూ ఊక మీద ఎర్రటి మరకలు కనబడ్డాక ఇక వాళ్ల మాట వినదలచుకోలేదు. తడి ఊకంతా ఎత్తిపోసి పొడిది పరిచాను. మా అత్త చెప్పినట్టు వేపాకు, నేలవేము నూరి, పసుపు కలిపి తాగే నీళ్లలో పోశాను. కోళ్లు ఒక్క గుక్క తాగి ఇక ఆ వైపు పోలేదు. మధ్యాహ్నానికి దాహంతో నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. తప్పు నాదే. ముక్కు మూసి కషాయం తాగించడానికి అవి నా పిల్లలు కావు కదా. ఆ నీళ్లు పారబోసి మంచినీళ్లు పెట్టి, ఆకు ముద్దను దాణాలో కొంచెం కొంచెంగా కలిపాను. మిగిలిన వేపకొమ్మలను చేతికందేలా షెడ్డు గుమ్మానికి కట్టాను.

నాలుగో రోజు కంపెనీ సూపర్‌వైజర్ వచ్చాడు. బైకు దిగి, గుమ్మం ముందే ఆగిపోయాడు.

"అక్కా, ఇంట్లో ఎవురికన్నా అమ్మోరు పోసిందా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. గుమ్మానికి వేపాకు కనబడితే మా వైపు పరాయివాళ్లు లోపలికి రారు.

"ఎవురికీ లేదయ్యా. కోళ్లకి మందు."

అతను విసురుగా లోపలికొచ్చాడు. "పసరు పెట్టినావా? కంపెనీ మందు కాకుండా ఇంకోటి వాడితే వచ్చే బ్యాచ్ పిల్లల్ని దించరు."

నాకు భయమేసింది. ఉన్న కాస్త పొలమూ ఉప్పు పట్టిపోయింది. ఈ షెడ్డు ఖాళీ అయితే నేను తడ ఊళ్లోని ఫ్యాక్టరీల గేటు ముందు పనికోసం నిలబడాలి. అయినా నోరు ఊరుకోలేదు.

"మూడు దినాలుగా చావులు తగ్గినాయి. ఆకు వల్లనో, పొడి ఊక వల్లనో నేను ఒట్టేసి చెప్పలేను. మీ పొడి మందుతో మాత్రం తగ్గలేదు. ఆ ఆకుని చూసి గుమ్మం బయట నిలబడిపోయినావు, ఇప్పుడు అది ఒట్టి పసరంటావేందయ్యా?"

అతను షెడ్డంతా తిరిగి చూశాడు. ఊక మీద ఎరుపు లేదు. గొంతు తగ్గించాడు.

"ఆ కొమ్మలు తీసి లోపల దాచిపెట్టక్కా. నేను చూడలేదనుకుంటా."

"దాచేదానికి నేనేం దొంగతనం చేసినాను? చూసినావు కదా, చూసినట్టే చెప్పు మీవాళ్లకి."

అతను వెళ్లిపోయాడు. కోడిపిల్లల లారీ మళ్లీ మా దారి పడుతుందో లేదో నాకు తెలియదు. మర్నాడు పొద్దున వాడిన కొమ్మలు తీసేసి, పచ్చివి విరుచుకొచ్చి రోడ్డు మీదికి కనబడేలా కట్టాను.