నాయనకు చక్కెర నీళ్లు

మొన్న ఫీజీ రాజధాని సూవా పక్కన మా వాలేలేవు మార్కెట్లో ఎవరో తడిసిన టార్పాలిన్ ఎండలో పరిచారు. ఆ వాసన తగలగానే అవతలి దీవిలోని సెయంగంగాలో మా నాయన నడిపిన క్యారియర్ బండి గుర్తొచ్చింది. ట్రక్కు వెనక చెక్క బెంచీలు, పైన టార్పాలిన్ కప్పు, కాళ్ల కింద దాలో దుంపల గోతాలు, చెరకు కోతల కాలమైతే కాల్చిన తోటల నుంచి గాల్లో తేలొచ్చే మసి. గతుకుల దారిలో ఒకరి మీద ఒకరు పడుతూ, నవ్వుకుంటూ జనం లంబాసా బజారుకు పోయేవారు. శనివారాలు ముందు సీట్లో నాయన పక్కన నేనుండేదాన్ని.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి నాయన చిక్కిపోయాడు. చేతి గడియారం వదులై ముంజేతి మీద అటూ ఇటూ జారేది. కూజాడు నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. లంబాసా చేరేలోపు నాలుగుసార్లు బండి ఆపి చెరకు తోట చాటుకు వెళ్లొచ్చేవాడు. దీపావళికి అమ్మ వేయించిన తీపి గుల్‌గులాలు ఇంకా డబ్బాలో ఉండగానే ఆసుపత్రిలో షుగరని తేల్చారు. మాత్రలిచ్చిన నర్సు అమ్మతో చెబుతుంటే పక్కన నిలబడి విన్నాను. మాత్ర వేసుకుని తిండి మానేస్తే చక్కెర పడిపోతుందట. చెమటలు, వణుకు, ఊరికే కోపం, తికమక వస్తాయట. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తీపి తాగించాలట.

ఒక శనివారం నాయన మాత్రయితే వేసుకున్నాడు గాని, అమ్మ కట్టిచ్చిన రొట్టెల డబ్బా తెరవలేదు. గోతాలు దించడంతోనే మధ్యాహ్నం దాటింది. తిరిగి బయల్దేరేటప్పుడు, ఎన్నడూ గొంతు పెంచని మనిషి, బెంచీ మీద సర్దుకుంటున్న రామయ్య తాతను బండబూతులు తిట్టాడు. "యంగోనా తాగి మత్తెక్కిందిలే" అని వెనక ఎవరో నవ్వారు.

మా ఇంటి మలుపు దగ్గర తిరక్కుండా నాయన బండి ముందుకే పోనిచ్చాడు. చల్లగాలి కొడుతున్నా నాయన చొక్కా తడిసి వీపుకు అంటుకుంది, స్టీరింగు మీద వేళ్లు వణుకుతున్నాయి. "నాయనా, గాడీ ఆపు" అన్నాను. ఎవరో పరాయి పిల్లను చూసినట్టు చూసి, "చుప్!" అన్నాడు. ఎత్తు ఎక్కుతూ బండి నెమ్మదించగానే తాళం తిప్పేశాను. బండి గట్టుకు ఒరిగి నిలిచింది.

వెనక బెంచీ మీద మా పొరుగున ఉండే ఫీజీ మూలవాసి లితియా అత్త బజారులో కొన్న చక్కెర పొట్లంతో ఉంది. ఆ పొట్లం చింపి నేను నీళ్ల సీసాలో పోస్తుంటే రామయ్య తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"షుగరున్నోడికి చీనీ పోస్తావా పిల్లా? చచ్చిపోతాడే!"

"నర్సు చెప్పింది తాతా! ఇప్పుడు తీపే కావాల!"

అన్నానే గాని, తాత మాటే నిజమైతే నాయన్ని చంపినదాన్ని నేనే అవుతానని భయమేసింది. లితియా అత్త తాత చెయ్యి విడిపించి, నాయన తల నిలబెట్టి పట్టుకుంది. గుక్కగుక్కగా తాగించాను. చాలాసేపటికి నాయన చెమట ఆరింది.

"గాడీ ఎవరాపినారు?" అన్నాడు నాయన.

"నేనే."

జరిగింది చెప్పాక నాయన దిగివెళ్లి తాత చేతులు రెండూ పట్టుకున్నాడు. గట్టు మీద కూర్చుని రొట్టెలు తింటుంటే, ఆఖరి ముక్క అయ్యేదాకా అందరూ చుట్టూ నిలబడే ఉన్నారు. ఆ మరుసటి శనివారం నుంచి, "తిన్నావా లేదా?" అని తాత అడిగి, ఖాళీ డబ్బా చూస్తేగాని ఒక్కరూ బండెక్కలేదు.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. చెరకు భూముల లీజులు ముగిసి తోటలు చేతులు మారాక ఆ బెంచీల మీది మనుషులు తలోదిక్కూ అయ్యారు. ఇప్పుడు నాకూ షుగరే. వేలికి సూది గుచ్చుకుంటే చిన్న మిషను అంకె చూపిస్తుంది, అదీ మంచిదే. పొద్దున్నే సూవా బస్సెక్కి కూర్చుంటాను. నేను తిన్నానో లేదో ఎవరూ అడగరు, బస్సు కదిలిపోతుంది.