కోమల మేడం అడగమన్న ప్రశ్న

మూలకుళంలో మా ఇంటి ముందు రోడ్డు పగలగొడుతున్నారు. పొద్దున్నుంచీ డ్రిల్లు మోత. దడదడదడ, కాసేపు ఆగి టక్కుటక్కు, మళ్ళీ దడదడ. ఇరుగుపొరుగు వాళ్ళంతా తలుపులు బిడాయించుకుని కాంట్రాక్టరును తిట్టుకుంటున్నారు. నేను మాత్రం కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆయన నన్ను వింతగా చూసి, చెవులు పోతాయని హెచ్చరించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయనకేం తెలుసు! మెదడు బొమ్మలు తీసే స్కానింగ్ యంత్రం మోత అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ మోత వింటే నాకు డాక్టర్ పి. కోమలవల్లి గారు గుర్తొస్తారు. ఆవిడ గుర్తొస్తే ఇప్పటికీ మనసు తేలికపడుతుంది.

ఆవిడ మెదడు శాస్త్రవేత్త. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, లేనిది ఉన్నట్టు నమ్మడం వంటి జబ్బులు వచ్చినవాళ్ళ మెదడుకూ, రానివాళ్ళ మెదడుకూ తేడా ఏమిటో స్కానింగ్ బొమ్మల్లో వెతకడం ఆవిడ పరిశోధన. అందరం కోమల మేడం అనేవాళ్ళం గానీ, పేరులో తప్ప ఆవిడలో ఎక్కడా కోమలత్వం లేదు. విల్లియనూరు దగ్గర తమిళుల మధ్య తరాలుగా వ్యవసాయం చేసుకునే పాత తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరం ముక్క చదవలేరు. ఉపన్యాసం ఇంగ్లీషులో, పనులు పురమాయించడం తమిళంలో, తిట్లు తెలుగులో. నాతో ఎక్కువగా తెలుగే మాట్లాడేవారు. నా పనితనం ఎలాంటిదో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి.

ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరడానికి నాకో సొంత కారణం ఉంది. మాది కోసపాళయంలో గిన్నెల కొట్టు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మకు జబ్బు. ఎవరూ లేని గదిలో ఎవరికో జవాబులు చెబుతూ ఉండేది. మందులు కుదిరాక చాలా నయమైంది, కొట్లో కూర్చుని గట్టిగానే బేరాలాడేది కూడా. కానీ ఆ జబ్బు మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మా మేనత్త ఒక్కతే నన్ను చూసినప్పుడల్లా "తల్లి చాలు పిల్లకు తప్పుతుందా?" అని నిట్టూర్చేది. అప్పటికి నేనూ అమ్మకు జబ్బు మొదలైన వయసుకు దగ్గరపడుతున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో పిలిచినట్టు అనిపిస్తే చాలు, వీధిలోకి పరుగెత్తి పిలిచిన మనిషి కోసం వెతికేదాన్ని. వచ్చిన సంబంధాన్నల్లా ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపేదాన్ని. నా తలలో కూడా అది ఉందా, లేదా? ఆ ఒక్కటి తెలుసుకోవాలని ఆ ఉద్యోగంలో చేరాను.

స్కానింగ్ గదిలోకి లోహం ఏదీ వెళ్ళకూడదు. గాజులు, కమ్మలు, మెట్టెలు, అన్నీ తీసేయాలి. పరిశోధనకు ఒప్పుకుని వచ్చిన ఒకావిడ, మాలాగే బజారు వీధుల్లో ఉండే తెలుగువాళ్ళే, అన్నీ తీసి తాళి దగ్గరికి వచ్చేసరికి పమిట మెడ చుట్టూ బిగించుకుంది. "నన్ను కోసినా ఇది తియ్యను. ఆయన యాడో లారీలో పోతా ఉండాడు" అంది. యంత్రం నడిపే ఆయన నిబంధనలు చదవడం మొదలుపెట్టాడు, ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. మేడం వచ్చి తన బల్ల సొరుగులోంచి పసుపు కొమ్ము కట్టిన పసుపు తాడు తీశారు.

"ముందు ఇది కట్టుకో అక్కా. కట్టుకున్నాకే అది తియ్యి. మెడ బోసిగా ఉండేదే లేదు. యంత్రానికి పసుపంటే కోపం లేదులే."

ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది. ఆమె లోపలికి వెళ్ళాక మేడం నాతో, "బయపడినోళ్ళకి రూల్సు చెప్పేది కాదు ధనం. బయం దేనికో చూసి దానికి మందెయ్యాల" అన్నారు. అప్పటి నుంచి పసుపు కొమ్ములు కొనుక్కొచ్చే పని నా నెత్తిన పడింది.

ఇంకోసారి ఒక పెద్దాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ పిల్ల చాలా రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. స్కానింగ్ అయ్యాక ఆయన తెర మీది బొమ్మనే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. "మూళ ఫోటోలో, ఈ మెదడు బొమ్మలో ఏముండాది డాక్టరమ్మా? బాగవుతాదా, లేదా?" మేము కూడా తెరకేసే చూస్తున్నాం. పిల్ల మా అందరి వీపుల వెనక కూర్చుని ఉంది. మేడం చటుక్కున తెర ఆపేశారు. "మీ పాప దీంట్లో లేదు. ఈడ కూర్చోనుండాది" అని కుర్చీ అటు తిప్పుకుని, "పొద్దున ఏం తింటివమ్మా?" అని అడిగారు. చాలాసేపు ఎదురుచూశారు. చివరికి ఆ పిల్ల, "ఇడ్లీ. చట్నీ బాగలేదు" అంది. తండ్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు యంత్రంలో ఏవో అమరికలు మార్చారు. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి మాలో ఒకరు పడుకోవాలంటే నేను ముందుకొచ్చాను. ఆ దడదడలో కళ్ళు మూసుకుని, ఇవాళతో తేలిపోతుంది అనుకున్నాను. మర్నాడు మేడం గది తలుపు మూసి, మా అమ్మ సంగతంతా మొదటిసారి బయటి మనిషికి చెప్పి, నా బొమ్మలో ఏముందని అడిగాను.

ఆవిడ నవ్వలేదు, జాలి చూపలేదు. పేర్లు లేని బొమ్మలు కొన్ని తెర మీద పరిచారు. "ఇన్నాళ్ళుగా చూస్తా ఉండావు కదా. జబ్బోళ్ళవి ఒక పక్క, మంచిగుండేవి ఒక పక్క పెట్టు."

పెట్టాను. ఒకదాని దగ్గర మాత్రం ఏమాత్రం అనుమానం రాలేదు. "ఇది ఖాయంగా జబ్బే మేడం. ఈ ఖాళీలు ఎంత పెద్దవో చూడండి."

"గట్టిగా చెప్తావా?"

"గట్టిగానే."

"అది నాది" అన్నారు మేడం. "నాకు పిచ్చని మీరంతా చాటున అనుకునేదేలే."

నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది. మిగతావాటిలోనూ సగం తప్పులే. "నేను పెట్టినా ఇంతే" అన్నారు మేడం. "శానా మందివి కలిపి సగటు తీస్తే కొంచెం తేడా కనిపిస్తాది. ఆ కొంచెం కోసమే నా బతుకంతా పోయింది. ఒక మనిషిని పట్టుకుని, ఇదిగో వీళ్ళకి వస్తాది అనేదానికి ఈ బొమ్మ చాలదు. నీదీ దీంట్లోనే ఉండాది. యాడుందో చూపించు."

చూపించలేకపోయాను. "అయితే నాకు రాదా మేడం?"

"రాదని చెప్పను. అబద్ధాలు చెప్పేదానికి నాకు జీతం ఇవ్వలా. అమ్మకుంటే బిడ్డకు వచ్చేది పక్కింటోళ్ళ కంటే కొంచెం ఎక్కువే. కానీ శానా మంది బిడ్డలకు రాదు. వస్తే మందుండాది. నేనుండా."

నేను ఏడ్చేశాను. అన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఎవరో దింపి కింద పెట్టినట్టయింది. రాదని ఆవిడ ఒట్టేసి ఉంటే నమ్మేదాన్ని కాదేమో, నిజం చెప్పబట్టే నమ్మాను. కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, ఆవిడ మరో మాట అడిగారు.

"మీ అమ్మకి ఏం వినిపిస్తాది?"

"తెలీదు మేడం. ఇంట్లో ఎవరూ అడగరు."

"ఏందిది! మెదడంతా వెతుకుతా ఉండావు, పక్క గదిలో మనిషిని అడగలేదా? పో. ఈ పొద్దే అడుగు."

ఆ సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఒక రెమ్మ తీసుకున్నాను. "అమ్మా, నీకు వినిపించేది ఏం చెప్తాది?" అన్నాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. అటూ ఇటూ చూసింది. "ఎవురు అడగమన్నారు?"

"మా మేడం. నాకూ తెలుసుకోవాలని ఉండాది."

మళ్ళీ ఆకు దూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "ఇప్పుడు ఊరికే గొణుగుతాది, అంతే. ముందు గట్టిగా అరుస్తా ఉండె. నీ తలలోది బిడ్డకు అంటుకుంటాది, ముట్టొద్దు ముట్టొద్దు అని. దానికే నీకు జడ వెయ్యలా. మీ అత్తని వెయ్యమంటి. నువ్వు బడికి పోతా ఉంటే తలుపు సందులోంచి చూస్తా ఉంటి. వంకరగా వేస్తా ఉండె ఆమె."

నేనంటే అమ్మకు ఇష్టం లేదనుకుంటూ పెరిగాను. అమ్మకూ నాకూ ఉన్నది ఒకే భయమని, ఆ భయంతోనే ఆమె నన్ను దూరంగా ఉంచిందని అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్ళి దువ్వెన తెచ్చి, ఆమె ముందు వీపు పెట్టి కూర్చున్నాను.

"అంటుకోదమ్మా. నా తల లోపల కూడా చూసినారు. వెయ్యి."

ఆమె చెయ్యి నా నెత్తి మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక ఇక ఆగలేదు.

మర్నాడు మేడంకి చెబితే, "జడ ఎట్టా వేసింది?" అని అడిగారు. బాగా బిగించిందని, తలంతా నొప్పని చెప్పాను. "బాగుండాది. లూజు చెయ్యమనబాకు" అని ఫైళ్ళలో తల దూర్చేశారు.

మేడం రిటైరై విల్లియనూరులో ఉంటున్నారు. అమ్మకు జబ్బు మొదలైన వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. పెళ్ళీ అయింది. అదే స్కానింగ్ గదిలో ఇంకా పనిచేస్తున్నాను, ఫోటోలో ఏముందని ఎవరైనా అడిగితే పక్కన కూర్చున్న మనిషి వైపు తిరుగుతాను. ఆదివారం ఆదివారం అమ్మ వచ్చి నాకు జడ వేస్తుంది. ఇప్పటికీ బిగించే వేస్తుంది. నేనేమీ అనను.