మొదటి కుంచం

ముంచింగిపుట్టు సంతలో చింతపండు గంపల పక్కన కూర్చుని, కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలమ్మను ప్రశ్నలు అడుగుతున్నాను. నా పీహెచ్‌డీ అంశం అదే: ఏజెన్సీ గ్రామాల్లో అయినవాళ్ళు పోయాక మిగిలినవారి మానసిక స్థితి. "వాడి గొంతు వినిపిస్తుందా?" అన్నాను. ఆమె నోరు విప్పేలోగా నా చెవి వెనక ఎవరో "లాభం" అన్నారు.

మా నాన్న గొంతు. ఆయన పోయి అప్పటికే ఏడాది దాటింది. ముసలమ్మ ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు.

కొండ కింద మాది కిరాణా కొట్టు. గింజలు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. ఆ రోజు నుంచి నాన్న గొంతు నాకు కనిపించిన మనుషుల్నీ అలాగే కొలవసాగింది. పొగమంచులో ఘాట్ రోడ్డు దిగే జీపులో నా పక్కన కూర్చున్నవాళ్ళను కూడా వదల్లేదు. చివరికి నన్నూ కొలిచి గోనె మూతి కుట్టేస్తాడని నా భయం.

నాకు నిద్ర పట్టడం మానేసింది. నీరసంగా ఉందని వెళ్తే, కొండమీది ఆసుపత్రిలో మలేరియా అనుకుని వేలి నుంచి రక్తం తీసి బ్లడ్ స్మియర్ చూశారు. నెగెటివ్. అసలు సంగతి చెప్పకుండా బయటపడ్డానని సంతోషించాను.

నాన్న తర్వాత కొట్టు నడిపేది అక్క. ఆమె చోళ్ళు, అంటే రాగులు, కొలుస్తూ "లాభం" అనగానే చెవులు మూసుకున్నాను. అక్క కుంచం కింద పెట్టింది.

"ఏట్రా? ఏటి ఇనిపిత్తంది?"

"నాన్న కొలుస్తున్నాడు."

"నన్ను కూడా కొలిసాడేటి?"

"నువ్వు రెండు."

"నాన్న బతికున్నప్పుడూ నీ తరవాత నాను రెండే. పద, బేగి విశాఖ పోదాం."

సైకియాట్రిస్టు అడగబోయేవన్నీ నాకు కంఠస్థం. ఏ జవాబుకు ఏ డయాగ్నోసిస్ వస్తుందో తెలుసు. బేరంలో ఉన్నది తగ్గించి చెప్పడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఆయన ప్రశ్న అడక్కముందే "నిద్ర పట్టడం లేదండి, అంతే" అన్నాను.

"ఇంటర్వ్యూ చేసేది మీరా, నేనా?" అన్నారాయన.

వెనక నుంచి అక్క, "సచ్చిపోయిన మా నాన్న కొలుత్తన్నాడంట బాబూ" అంది.

"డిప్రెషన్ విత్ సైకోటిక్ సింప్టమ్స్" అని రాశారు. లేని గొంతులు వినిపించేంత కుంగుబాటు; నా థీసిస్‌లో ఒక అధ్యాయం పేరు అది.

మందులతో నాన్న గొంతు పలచబడింది. దాంతో నాలోని బేరగాడు లేచాడు. ఎవరికీ చెప్పకుండా డోసు సగం చేశాను, తర్వాత సగంలో సగం. వానలు పట్టాయి. గడ్డం గీసుకుంటుంటే అద్దం ముందు నా వంతు వచ్చింది: "లాభం." చచ్చిపోవాలనిపించింది. బ్లేడు అక్క చేతికిచ్చి, అనిపించింది అనిపించినట్టు చెప్పాను. అడ్మిట్ చేశారు.

"డోసు తగ్గించేది నేను. ఇక్కడ బేరాల్లేవు" అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చాక అక్క మొదటి కుంచం పోస్తూ "ఒకటి" అంది. కొనడానికొచ్చిన రైతు మొహం చిట్లించాడు. "అదేటమ్మా, అపశకునం?"

"మా కొట్టు, మా నోరు. నీకు సోళ్ళు కావాలా, వద్దా?"

థీసిస్ ఆలస్యంగా పూర్తయింది. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. డాక్టరు తగ్గించిన డోసు మీద ఉన్నాను. ముసురు పట్టిన రోజు అక్క కుంచం ఎత్తితే, ఆమె "ఒకటి" అనేలోపు ఇప్పటికీ ఊపిరి బిగబడతాను.

నేను చెప్పగలిగేది ఒక్కటే. ఈ జబ్బుతో డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. మీరు తగ్గించి చెప్పేదాన్ని ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని వెంట తీసుకెళ్ళండి. అక్క ఇప్పటికీ నాతో వస్తుంది. నేను "బాగానే ఉందండి" అనగానే వెనక నుంచి దగ్గుతుంది.